వారసుల్లేని చొక్కాలు

పట్టపగలు, అందరూ చూస్తుండగానే జరిగిందిది. చాటుమాటుగా చేసుంటే పోనీ కాస్త సిగ్గయినా ఉందిలే అనుకునేవాళ్ళు. చాకిరేవు అధికారి ఇద్దరు జవాన్లని, ఒక రంగు డబ్బాని వెంటేసుకుని వచ్చి జీడమ్మ రాయి ముందు నిలబడ్డాడు. రాయి మీద సగం ఉతికిన దుప్పటి ఉంది. జవాను దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, చచ్చిన ఎలకని విసిరినట్టు బురదలోకి విసిరాడు. తర్వాత తాపీగా కూర్చుని రాయి మీద ఓ పక్కన నీలం రంగుతో ఒక పేరు రాశాడు.

ఆ పేరు జీడమ్మది కాదు. నెల కిందట పోయిన ఆమె మొగుడిది కూడా కాదు. మొగుడి తమ్ముడి కొడుకుది. పక్క ఊళ్ళో వ్యాను తోలుకునే ఆ మహానుభావుడు పుట్టి బుద్ధెరిగి ఒక్క రుమాలు ఉతికిన పాపాన పోలేదు.

“ఇదేంటి సారూ?” మోకాళ్ళ లోతు నీళ్ళలోంచి అడిగింది జీడమ్మ. “ఇరవై ఎనిమిదేళ్ళ నుంచి ఈ రాయి మీద బాదుతున్నది నేను.”

“బాదావమ్మా, ఎవరు కాదన్నారు?” అధికారి కాగితం మడిచాడు. “రాయి నీ మొగుడిది. ఆయనకి కొడుకుల్లేరు. తమ్ముడు ముందే పోయాడు. ఇక మిగిలింది తమ్ముడి కొడుకు. చట్టం ప్రకారం రాయి అతనిది. అతను దాన్ని లాండ్రీ కంట్రాక్టరుకి రాసిచ్చేశాడు. అభ్యంతరం ఉంటే నెల లోపు చెప్పుకోవచ్చు.”

“అయితే ఇప్పుడే చెబుతున్నా. రాసుకోండి.”

“నువ్వు చెప్పకూడదు. అభ్యంతరం చెప్పేవాడు మగ వారసుడై ఉండాలి.”

జవాను ఫక్కున నవ్వాడు. రేవులో బట్ట బాదే చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. నలభై రాళ్ళ దగ్గరా జనం గుడ్లప్పగించి చూశారు, చూసి తలొంచుకున్నారు. అదీ మన రోగం. ఎవరి రాయి వాళ్ళకి ఉన్నంతసేపు పక్కవాళ్ళ రాయి ఎటుపోతేనేం అనుకోవడం.

ఆమెకి జీడమ్మ అన్న పేరు ఎలా వచ్చిందో చెప్పాలి. ఊరందరి బట్టలూ ఒకే బానలో ఉడుకుతాయి, ఒకే తీగల మీద ఆరతాయి. ఏ చొక్కా ఎవరిదో తెలియాలంటే కాలరు లోపల చెరగని గుర్తు ఉండాలి. నల్లజీడి గింజని సూదితో గుచ్చి, ఆ రసంతో చుక్కలు, గీతలు పెడతారు. ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు. అవి ఏ పుస్తకంలోనూ ఉండవు. అత్త నుంచి కోడలికి, తల్లి నుంచి కూతురికి నోటిమాటగా వస్తాయి. మగాళ్ళకి ఆ గోల పట్టదు, వాళ్ళు మూట మోస్తారు, బాదుతారు, రాయి మాదంటారు. రేవంతటికీ గుర్తులు ఎక్కువ తెలిసింది ఈమెకే. రసం తగిలి తగిలి వేళ్ళు నల్లగా కమిలిపోయాయి. ఆ వేళ్ళని చూసే జీడమ్మ అన్నారు.

ఇక కంట్రాక్టరు. ఆవిరి యంత్రాలు దింపుతానని ఊరంతా డప్పు కొట్టుకుంటాడు కాబట్టి ఆవిరయ్య అంటారు. రేవులో ఎవరు పోతారా అని కాచుక్కూర్చుంటాడు. పోయినవాడికి ఎక్కడో ఉన్న తమ్ముణ్ణో, తమ్ముడి కొడుకునో, ముక్కూ మొహం తెలియని బాబాయి మనవణ్ణో వెతికి పట్టుకుని సంతకం పెట్టించుకుంటాడు. ఇరవై రాళ్ళు అలాగే మింగాడు. ఆ రాళ్ళ దగ్గర ఉతుకుతూ ఉన్న ఇరవైమంది ఆడవాళ్ళకి చట్టంలో చోటే లేదు. మిగతా ఇరవై కూడా చిక్కితే రేవు పూడ్చి యంత్రాల షెడ్డు వేస్తాడు.

ఆ సాయంత్రం ఆవిరయ్యే స్వయంగా వచ్చాడు. గొంతులో తేనె పోసుకుని మాట్లాడాడు.

“నువ్వెక్కడికీ పోనక్కర్లేదు జీడమ్మా. నీ రాయి దగ్గరే పని చేసుకో. కూలి నేనిస్తాను.”

నీ రాయి దగ్గరే, కూలి! జీడమ్మకి ఒళ్ళంతా కారం రాసినట్టయింది. అయినా తలూపింది. తిండి గింజల కోసం కొంత, ఇంకో ఆలోచన కోసం కొంత.

ఆ ఆలోచన ఏమిటంటే, నల్లజీడి రసం పచ్చిగా ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది. అందుకే గుర్తు పెట్టగానే పైన సున్నం అద్దుతారు. దాంతో రసం పొగరు చచ్చిపోతుంది. ఆవిరయ్య ఇంటి మూట వచ్చిన రోజు జీడమ్మ ఆరు చొక్కాల కాలర్లకి దట్టంగా రసం పట్టించింది. సున్నం అద్దలేదు. చొక్కాలు మడతపెడుతుంటే ఆమె మొహంలో ఎన్నాళ్ళకో నవ్వు వచ్చింది. “గోక్కుని గోక్కుని చావు,” అనుకుంది. తప్పా అంటారా? నా రాయి పోయుంటే నేను ఇంకా చాలా చేసేవాణ్ణి.

ఒక రోజైంది, రెండు రోజులైంది. ఆవిరయ్య మెడ నిగనిగలాడుతూనే ఉంది. మూడో రోజు సాయంత్రం, రేవులో బట్టలు ఇస్త్రీ చేసే ఇస్త్రీ అన్నయ్య కూతురు రేవులోకి పరిగెత్తుకొచ్చింది. ఆ పిల్ల లా చదువుతోంది. రేవు మొత్తానికి కాలేజీ గడప తొక్కింది ఆమె ఒక్కతే.

“అత్తా! నాన్న మెడ చూశావా? ఆస్పత్రిలో ఉన్నాడు. మెడంతా బొబ్బలే. ఆవిరయ్య పాత చొక్కాలు ఆరు ఇచ్చాడట, నువ్వు తొడుక్కో అని. కొత్తగా ఉతికినవి కదా అని ఇవాళ ఒకటి వేసుకున్నాడు.”

జీడమ్మ చేతిలో బట్ట నీళ్ళలోకి జారిపోయింది.

ఇవాళే ఎందుకు వేసుకున్నాడో ఆమెకి తెలుసు. వారసత్వ చట్టాన్ని సవరించమని, రాయి మీద భార్యకీ కూతురికీ కూడా హక్కు ఇమ్మని ఏడాది పొడుగునా ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పోగుచేసింది ఆ పిల్ల. అర్జీ ఇచ్చేవాడు రాయి ఉన్న మగవాడే అయ్యుండాలి మళ్ళీ. ఇస్త్రీ అన్నయ్యకి రాయి ఉంది, మనసూ ఉంది. నగర సభ అర్జీలు తీసుకునే ఆఖరి రోజు ఇవాళే. మంచి చొక్కా వేసుకుని వరసలో నిలబడ్డాడు. ఎండకి చెమట పట్టింది, మెడ మండింది, వాచింది, కళ్ళు తిరిగి పడిపోయాడు. గుమస్తా వేళయిపోయిందని కిటికీ మూసేశాడు.

“ఏడాది కష్టం అత్తా,” అంది పిల్ల. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది.

మర్నాడు మధ్యాహ్నం బట్టలారేసే బయల్లో అందరూ కూర్చున్నారు. నాలుగు వైపులా తడి దుప్పట్లు, లోపల ఎవరున్నారో బయటికి కనబడదు. జీడమ్మ లేచి నిలబడింది. చుట్టూ తిప్పి చెప్పలేదు.

“అన్నయ్య మెడ కాల్చింది నేనే. ఆవిరయ్య మీద కసితో చేశాను. సున్నం అద్దలేదు.”

తర్వాత తలో మాట. “నీ కసి తగలెయ్య!” అని ఒకామె ఒంటికాలి మీద లేచింది. “అర్జీ గంగలో కలిపావు కదే!” అని ఇంకొకామె. మెడకి గుడ్డ చుట్టుకుని కూర్చున్న ఇస్త్రీ అన్నయ్యే చెయ్యెత్తి ఆపాడు.

“కసి ఉండటం తప్పు కాదు. నాకూ ఉంది, ఇప్పుడు ఇంకాస్త ఎక్కువుంది. ఒక్కతివే తీర్చుకోబోయావు, అక్కడొచ్చింది తంటా. వాడి చొక్కా ఎప్పుడైనా వాడి మెడ మీదే ఉంటుందా? పాతబడగానే మన మెడకే వస్తుంది.”

జీడమ్మకి తల కొట్టేసినట్టయింది. కూర్చోబోతే గంజి అవ్వ చెయ్యి పట్టి ఆపింది. రేవంతటికీ గంజి కాచే ముసలమ్మ ఆమె. నోరు తెరిస్తే ఎదుటివాణ్ణి ఉతికి ఆరేస్తుంది.

“నిలబడు. కూర్చుని ఏం చేస్తావు? ఎలా తీర్చుకోవాలో చెప్పు. ఈసారి అందరం కలిసి.”

బాన పెద్దకి చిర్రెత్తుకొచ్చింది. బట్టలు ఉడకబెట్టే బానలన్నీ చూసేది ఆయనే. “మధ్యలో మా మగాళ్ళనెందుకు లాగుతారు? రాళ్ళు ఆడాళ్ళకి పోతే రేపు ఎవడో అల్లుడొచ్చి కూర్చుంటాడు. ఉన్న చట్టం బానే ఉంది మాకు.”

“నీకెంతమంది పిల్లలురా?” అంది అవ్వ.

“ముగ్గురు.”

“అందరూ?”

“ఆడపిల్లలే.”

“నీ అన్న కొడుకు ఎక్కడుంటాడు?”

“అదిప్పుడెందుకు?” అన్నాడు బాన పెద్ద.

“నేను చెబుతా విను. ఆవిరయ్య దగ్గర గుమస్తాగా ఉంటాడు. నువ్వు కన్ను మూసిన మర్నాడు వాడు నీలం రంగు డబ్బా పట్టుకొస్తాడు. నీ పెళ్ళాం మీ రాయి దగ్గరే కూలికి ఉతుకుతుంది. నీకు బానే ఉంటుందిలే, అప్పటికి నువ్వుండవుగా!”

జనం గొల్లుమన్నారు. బాన పెద్ద నవ్వలేదు. నేల చూపులు చూస్తూనే “ఏం చెయ్యమంటారు?” అన్నాడు.

అప్పుడు జీడమ్మ నోరు విప్పింది. “వినండి, మన గుర్తులు మన దగ్గరే ఉన్నాయి కదా. రాళ్ళు వాళ్ళు రాయించుకున్నారు. గుర్తులెవడు రాయించుకున్నాడు? సొంతదారు తెలియని బట్టకి ఏం పెడతాం మనం?”

“సున్నా,” అన్నారు పదిమంది. ఏ రేవులోనైనా అంతే. ఎవరిదో తెలియని బట్ట మీద సున్నా చుడతారు.

“పాత గుర్తు నల్లగా పూడ్చేద్దాం. పక్కన సున్నా పెడదాం. కోర్టు కోట్లు, నగర సభ వాళ్ళ చొక్కాలు, పోలీసుల యూనిఫారాలు, ఆవిరయ్య ఇంటి దుప్పట్లు, అన్నిటికీ. మాకు వారసత్వం లేదన్నారుగా. వాళ్ళ చొక్కాలకి వాళ్ళు వారసులని రుజువు చేసుకోమందాం.”

దుప్పట్ల మధ్య ఈలలు మోగాయి. అంతలో ఒక పడుచుపిల్ల లేచి, “పోలీసోళ్ళ వాటికి సున్నం అద్దకుండా పెడదాం అక్కా,” అంది. దాని కళ్ళు మెరుస్తున్నాయి. జీడమ్మ ఇస్త్రీ అన్నయ్య మెడ వైపు చూసింది.

“వద్దు. అన్నిటికీ సున్నం అద్దాలి. ఆ చొక్కా రేపు ఎవరి ఒంటి మీద ఉంటుందో మనకి తెలీదు.”

“ఆస్పత్రి దుప్పట్ల జోలికి వెళ్ళొద్దు,” అన్నాడు ఇస్త్రీ అన్నయ్య. “మంచాన పడ్డవాళ్ళు మనకేం చేశారు? కూలినాలి చేసుకునేవాళ్ళ బట్టలూ సరిగ్గా అందాలి.” దానికీ అందరూ సరేనన్నారు.

మూడు రోజులు రేవు ఎప్పట్లాగే ఉంది. బట్ట బాదుతున్నారు, ఉడకబెడుతున్నారు, ఆరేస్తున్నారు. ఆవిరయ్య వచ్చి చూసి, పని జోరుగా సాగుతోందని మీసం దువ్వుకుని పోయాడు. దుప్పట్ల చాటున నలభైమంది ఆడవాళ్ళు సూదులు పట్టుకుని కూర్చున్నారు. బాన పెద్ద పక్కన సున్నం గిన్నె పట్టుకుని, ఒక్కో కాలరుకీ తనే అద్దాడు.

సోమవారం నగర సభ. కొత్త యంత్రాల షెడ్డుకి ఆ రోజే ఆమోదం. ఆదివారం పొద్దున్న ఆవిరయ్య మనుషులు మూటలు విప్పి, ఏ కాలరు చూసినా సున్నాయే కనబడేసరికి నోళ్ళు తెరిచారు. అన్నీ తెల్ల చొక్కాలే, అన్నీ నల్ల కోట్లే. ఏది ఎవరిదని చెబుతారు? మధ్యాహ్నానికి బట్టలన్నీ తిరిగి రేవులో గుట్టలు పడ్డాయి. వాటి వెనకే సొంతదారులూ వచ్చారు.

రేవు గుమ్మంలో బల్ల వేశారు. జీడమ్మ కూర్చుంది. లా పిల్ల పక్కన కాగితాలు పట్టుకుంది. మొదట వచ్చినవాడు ఎవరనుకున్నారు? మన రేవు అధికారే. చొక్కా లేక పైన తువ్వాలు కప్పుకుని వచ్చాడు.

“నా కోటు ఇవ్వు. అదిగో, పై నుంచి మూడోది.”

“మీదేనా సారూ? కాగితం చూపించండి.”

“కోటుకి కాగితమేంటి?”

“కోటు కొన్నదెవరు?”

“మా నాన్నగారు. ఆయన తర్వాత నాకొచ్చింది.”

“మీరు పెద్దకొడుకా? అన్నదమ్ములున్నారా? వాళ్ళు అభ్యంతరం లేదని రాసిచ్చారా? సాక్షులేరి?” జీడమ్మ ఒక్కో ప్రశ్నా నెమ్మదిగా, నమిలి నమిలి అడిగింది. “లేరా? అయితే నెల ఆగండి సారూ. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పుకుంటారు.”

“ముప్పై ఏళ్ళుగా తొడుక్కుంటున్నాను నేను దాన్ని!”

“తొడుక్కున్నారు సారూ, ఎవరు కాదన్నారు?”

రేవు రేవంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వులో ఎంత కసి ఉందో మీరు వినుంటే తెలిసేది. ఏళ్ళ తరబడి మొహాన తలుపేయించుకున్న ఆడవాళ్ళ నవ్వది. అధికారి తువ్వాలు జారిపోతుంటే పట్టుకుంటూ వెనక్కి తిరిగాడు. జీడమ్మకి కడుపు నిండినట్టయింది. నిండినా ఇంకా ఆకలిగానే ఉంది.

లా పిల్ల బల్ల ఎక్కి నిలబడింది. “చట్టం మార్చండి. రాయి మీద ఉతికిన ఆడదాని పేరు రాయండి. ఆ కాగితం మీద సంతకం పడిన గంటలో ఎవరి చొక్కా వాళ్ళ చేతికిస్తాం. ఏది ఎవరిదో మా కళ్ళకి తెలుసు.”

సోమవారం సభ జరిగితే ఒట్టు. ఒక సభ్యుడి అరువు పంట్లాం చంకల దాకా వచ్చింది, ఇంకో సభ్యుడికి బొత్తాం పడనే లేదు. షెడ్డు కాగితం బల్ల మీదే ఉండిపోయింది. ఆ కోపమంతా పోలీసుల చేత తీర్పించారు. చేతులు వేళ్ళు దాటిపోయే చొక్కాలు వేసుకుని వచ్చారు పోలీసులు. అలా అని వాళ్ళ లాఠీలు పొట్టివి కావు. గంజి అవ్వ భుజం విరిగింది. బాన పెద్ద బానకి అడ్డంగా పడుకుంటే ఈడ్చి అవతల పడేశారు. జీడమ్మని జుట్టు పట్టుకుని వ్యానెక్కించారు. ఆమెతో పాటు గంజి అవ్వతో కలిపి పదకొండుమందిని.

లాకప్పులో నాలుగు రోజులు. రోజూ అదే మాట. “గుర్తులు చెప్పు, వదిలేస్తాం.” జీడమ్మకి దవడ వాచిపోయింది. గుర్తులు మాత్రం పెదవి దాటలేదు. మూడో రోజు రాయి ఆశ కూడా చూపించారు. “నీ రాయి నీకిప్పిస్తా,” అన్నాడు ఆవిరయ్య కటకటాల అవతల నిలబడి. “నీ ఒక్కదానికే. ప్రత్యేకంగా. ఈ పట్టు వదిలెయ్.”

ఆమె ఎంత ఏడ్చింది ఆ రాయి కోసం! చేతికి అందేంత దూరంలోకి వచ్చింది. జీడమ్మ అవ్వ కట్టు కట్టిన భుజం వైపు ఒకసారి చూసి, “మిగతా పంతొమ్మిదిమందివి?” అని అడిగింది. “వాళ్ళ సంగతి నీకెందుకు?” అన్నాడు ఆవిరయ్య. “అయితే నడు,” అంది.

ఇక లాభం లేదని ఆవిరయ్య గుట్టలుపడ్డ బట్టలన్నీ వ్యానుకెత్తించి పక్క ఊరి రేవుకి పంపాడు. ఉతికి, ఇంటింటికీ కొత్త గుర్తులు పెట్టి తెమ్మన్నాడు. ఏ ఇంట్లో ఏం మాయమైందో పట్టీ రాయించి ఇచ్చాడు. వ్యాను తోలింది ఎవరో తెలుసుగా, జీడమ్మ మొగుడి తమ్ముడి కొడుకే.

ఐదో రోజు పొద్దున్న ఆ వ్యాను నేరుగా పోలీసు స్టేషను ముందుకొచ్చి ఆగింది. అధికారి, ఆవిరయ్య అప్పటికే ఉన్నారు. ఈ ఆడవాళ్ళ కళ్ళెదుటే మూటలు విప్పి, మీ అవసరం తీరిపోయిందని చెప్పాలని వాళ్ళ సరదా. తమ్ముడి కొడుకు మూటలు దించి, కటకటాల వైపు చూడకుండా ఓ మూల నిలబడ్డాడు.

“ఏరా,” అంది జీడమ్మ లోపల్నుంచి. “ఇటు చూడు. నీ పెదనాన్న పాడె దిగకముందే అమ్ముకున్నావు, ఇప్పుడు మొహం చూపించడానికి సిగ్గా?”

వాడు గోడ వైపు తిరిగాడు.

ఆవిరయ్య మొదటి మూట ముడి విప్పాడు. పైనున్న కోటు తీసి కాలరు తిప్పాడు. చూసి ఇంకోటి తిప్పాడు. తర్వాత గబగబా పది తిప్పాడు. ప్రతి కాలరు మీదా పాత సున్నా పక్కన కొత్త సున్నా. ఇంకా తడి ఆరని నలుపు, పైన సున్నం మరక.

“ఇదేంట్రా?”

“నాకేం తెలుసు సార్,” అన్నాడు వాడు. “సున్నాలు చూసి అక్కడి ఆడవాళ్ళు ఇవెక్కడివని అడిగారు. జరిగింది చెప్పాను. రాయి ఎవరిది, అమ్మిందెవరు అని అడిగారు. అదీ చెప్పాను. చెప్పాక నాకు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.” గొంతు తగ్గించి అన్నాడు. “రెండో మూట ఈ ఊరిది కాదు సార్. అక్కడి కోర్టు వాళ్ళవి. వాటి మీద కూడా పెట్టేశారు. మీకు చూపించమని పంపారు.”

అధికారి మొహం నల్లబడింది. కటకటాల దగ్గరికి వచ్చి ఇనుప చువ్వని గట్టిగా పట్టుకున్నాడు.

“ఎవరు పురెక్కించారు వాళ్ళని? ఇక్కణ్ణుంచి ఎవర్ని పంపారో చెప్పు!”

జీడమ్మ వాచిన దవడతోనే నవ్వింది. వెనక పదకొండుమంది లేచి ఆమె పక్కకొచ్చి నిలబడ్డారు.

“మేమెవర్నీ పంపలేదు సారూ,” అంది. “అక్కడ కూడా మీ చట్టమే కదా!”